పథ్యం చెప్పేవారి పత్తా ఏది?

పోయిన నెలలో ఒక పని మీద మిర్యాలగూడ వెళ్ళి, మా అన్నయ్యగారింట్లో నాలుగు రోజులు వున్నాను. మీలో ఆ ఊరు చూడనివారికి ఒక మాట చెప్పాలి. రైలు దిగి ఊళ్ళోకి అడుగు పెట్టగానే మొదట పలకరించేది రైసు మిల్లుల ఊక వాసన. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారిన దగ్గరనుంచి ఆ చుట్టుపక్కల వరి అంటే కేవలం తిండి కాదు; పిల్లల చదువులకూ, ఆడపిల్లల పెళ్ళిళ్ళకూ అదే ఆధారం. అటువంటి ఊళ్ళో, బియ్యం బస్తాలు వసారాలో పేర్చివున్న ఇంట్లో, మా వదిన అన్నం మానేసి కూర్చున్నది!

“ఇదేం వ్రతం వదినా?” అని అడిగాను.

ఆవిడ నవ్వి, బొడ్లో దోపుకున్న ఫోను తీసి చూపించింది. “వ్రతం గాదు, పథ్యం. ఫోన్ల ఒక పిల్ల చెప్తది. పొద్దుగాల ఇది, పగటికి ఇది, రాత్రికి ఇది అని రాసి పంపింది. మనోడే మాట్లాడి పెట్టిండు” అన్నది.

మనోడంటే మా మేనల్లుడు. బెంగుళూరులో ఉద్యోగం. తల్లి మీద బెంగ ఎక్కువ, వచ్చి చూడడానికి తీరిక తక్కువ. వదినకు పదేళ్ళుగా చక్కెర జబ్బు, రక్తపు పోటు. అందుకని వాడు ఫోనులో వెతికి, పథ్యం చెప్పే ఒక కంపెనీకి మూడు నెలల రుసుము ముందే కట్టేశాడు. వారానికోసారి వీడియోలో ఒక అమ్మాయి కనిపించి, “ఆంటీ, బరువెంత తగ్గారు?” అని అడుగుతుంది. వదినకు ఆ పలకరింపే సగం మందు.

ఆ పట్టిక నేనూ చదివాను. పొద్దున్నే ఆకుకూరల రసం. పదింటికి కొబ్బరి నీళ్ళు. మధ్యాహ్నం అన్నానికి బదులు కూరగాయ ముక్కలు. సాయంకాలం మళ్ళీ కొబ్బరి నీళ్ళు. వంటలో మామూలు ఉప్పు మాని, సోడియం తక్కువైన ఉప్పు. చూడబోతే తప్పు పట్టవలసిందేమీ లేదు. ఆకుకూర మంచిదని చిన్నప్పటినుంచీ వింటున్నదే. కొబ్బరి బోండాలు జబ్బుపడ్డవాళ్ళను చూడబోతూ మనం చేత పట్టుకుపోయేవే. ఆ ఉప్పు సంగతి సరేసరి. పెద్దవాళ్ళు మామూలు ఉప్పుకు బదులు అటువంటిది వాడుకోవచ్చునని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సలహా ఇచ్చింది. “బాగానే వుందే” అనుకుని ఊరుకున్నాను. నా తెలివి అంతవరకే!

మూడోనాడు తెల్లవారుజామున వదిన మంచం దిగబోయి దిగలేకపోయింది. “కాళ్ళల్ల సత్తువ లేదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టున్నది” అన్నది. వీధి చివర డాక్టరు వచ్చి నాడి పట్టుకుని చూసి, ముఖం గంభీరంగా పెట్టి, ఆలస్యం చేయకుండా ఆవిడను ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరకు సూర్యాపేట తీసుకువెళ్ళమన్నాడు. కారులో దారి పొడుగునా అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదు.

సూర్యాపేటలో రక్తపరీక్ష చేశారు, గుండెకు తీగలు పెట్టి చూశారు. రక్తంలో పొటాషియం హద్దు మీరిందన్నారు. పొటాషియం అందరికీ కావలసిన లవణమే. ఆరోగ్యంగా వున్నవారిలో ఎక్కువైనది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మూత్రపిండాలు నీరసించినవారిలో పోదు, నిలవైపోతుంది. నిలవైతే కండరాలు సడలుతాయి, గుండె లయ తప్పుతుంది. వదిన మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయని రెండేళ్ళ క్రితమే ఆ డాక్టరు చీటీ మీద వ్రాశాడు. రక్తపు పోటుకు ఆవిడ వేసుకునే మాత్ర కూడా పొటాషియాన్ని పట్టి వుంచే రకం. వీటికి తోడు కొబ్బరి నీళ్ళలో పొటాషియం, ఆకుల రసంలో పొటాషియం. సోడియం తక్కువైన ఉప్పులో తగ్గించిన సోడియం స్థానంలో వేసేది ఏమిటనుకున్నారు? పొటాషియం క్లోరైడే! నేను మెచ్చుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాలోనే, మూత్రపిండాల జబ్బున్నవారికి ఇది వర్తించదని కూడా వుంది. నేను సగమే చదివాను. పట్టిక వ్రాసిన పిల్ల ఎంత చదివిందో దేవుడికి తెలియాలి.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సకాలంలో తీసుకుపోయాము గనుక వదిన బ్రతికి బయటపడ్డది.

డాక్టరు ఆ ఫోను తీసుకుని పట్టిక పైనుంచి క్రిందికి చూసి, “ఎవరమ్మా ఈ పథ్యం చెప్పింది?” అని అడిగాడు. అదీ ప్రశ్న. పట్టిక మీద రెండు పచ్చని ఆకుల బొమ్మ వుంది, ఒక ఆపిల్ పండు బొమ్మ వుంది. వ్రాసినవారి ఇంటిపేరు లేదు, చదువు లేదు, నంబరు లేదు, ఊరు లేదు. మేనల్లుడు బెంగుళూరునుంచి ఆ కంపెనీకి ఫోను చేస్తే, “మీ కౌన్సెలర్ మారారు, కొత్తవారు త్వరలో మీతో మాట్లాడతారు” అని యంత్రం జవాబు చెప్పిందట. నిజం చెప్పాలంటే వాడి తప్పు కూడా కొంత వుంది. షుగరు, బీపీ వున్నాయని ఫారంలో నింపాడు. మూత్రపిండాల సంగతి వాళ్ళు అడగలేదు, వీడికి తెలియదు. కొడుకు బెంగపెట్టుకుంటాడని తల్లి చెప్పలేదు. మన ఇళ్ళలో జరిగేదే ఇది!

వదిన ఆసుపత్రిలో వున్న రోజులు నేను సూర్యాపేటలో మా పిన్ని కూతురి ఇంట్లో దిగాను. ఆ చెల్లెలి కూతురు హైదరాబాదులో పోషకాహార శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, ఆరు నెలలు ఒక పెద్ద ఆసుపత్రిలో శిక్షణ పొంది, ఇప్పుడు ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని ఫోనులో పథ్యాలు చెబుతున్నది. సంగతంతా విని, పిల్ల ముఖం చిన్నబుచ్చుకున్నది. “పెద్దమ్మా, ఇట్లాంటోళ్ళు చేసిన పనికి మేమంతా మాటపడాలె” అన్నది.

“నీకు లైసెన్సు వుందా?” అని మొగమాటం లేకుండా అడిగాను. అది చెప్పిన జవాబు మీకందరికీ పనికివచ్చేది గనుక కాస్త వివరంగా వ్రాస్తాను.

మన దేశంలో డాక్టరుకు కౌన్సిలు వుంది. నర్సులకు 1947లోనే చట్టం వచ్చింది. మందుల షాపులో మాత్ర అందించే ఫార్మసిస్టుకు 1948 నాటి చట్టం వుంది. కాని ఆ మాత్రతోపాటు ఏం తినాలో చెప్పే డైటీషియనుకు మాత్రం చాలాకాలం ఏ చట్టమూ లేదు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వారు ఒక పరీక్ష పెట్టి, నెగ్గినవారికి రిజిస్టర్డ్ డైటీషియన్ అనే అర్హత ఇస్తున్నారు. మంచి పనే. కాని అది వృత్తిలోనివారు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. ఆ పరీక్ష వ్రాయనివారిని పథ్యం చెప్పవద్దని ఆపే శక్తి దానికి లేదు. అందుచేత నాలుగేళ్ళు చదివినవారూ, నాలుగు వారాలు చదివినవారూ, ఏమీ చదవక తాము బరువు తగ్గినవారూ, అందరూ ఒకే బోర్డు కట్టారు.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో పది వర్గాల వృత్తులను పేర్కొన్నారు. పోషకాహార నిపుణులది అందులో ఒకటి. ఆరోగ్య నిపుణులుగా లెక్కకు రావాలంటే మూడేళ్ళనుంచి ఆరేళ్ళవరకూ సాగే డిగ్రీ, అందులో కనీసం 3,600 గంటల చదువు వుండాలన్నారు. ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిలు, ఆ కౌన్సిలు దగ్గర ఒక రిజిస్టరు. కేంద్రంలో మరొక రిజిస్టరు. రిజిస్టరులో పేరు లేకుండా వున్నదని చెప్పుకుంటే నేరం.

చట్టమైతే వచ్చింది గాని, దాన్ని నడిపించడానికి రాష్ట్రాలు తీరిక చేసుకోలేదు. 2024 ఆగస్టులో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళితే, రెండు నెలల్లో అమలు చేయవలసిందని కేంద్రానికీ రాష్ట్రాలకూ కోర్టు గట్టిగా చెప్పవలసివచ్చింది. ఆ తరువాత కొంత కదలిక వచ్చింది గాని, పని రాష్ట్రానికొక తీరుగా నడుస్తున్నది. 2025లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఇంకొక ఉత్తర్వు చేసింది: పోషకాహారం, పథ్యం మొదలైన ఈ చదువులను ఆ సంవత్సరం జూలై–ఆగస్టు తరగతులనుంచి దూరవిద్యలో గాని, ఆన్‌లైనులో గాని చెప్పరాదని. చూశారా తమాషా! పథ్యం చెప్పడం ఇంట్లో కూర్చుని నేర్చుకోరాదు. నేర్చుకున్నవారు ఇంట్లో కూర్చుని చెప్పవచ్చును. ఆలోచిస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. రోగిని మంచం ప్రక్కన నిలబడి చూసిన కళ్ళే, తరువాత ఫోనులో చూసినా పోల్చుకోగలవు.

“నన్ను మాత్రం ఇంకొకటి పీకుతున్నది పెద్దమ్మా” అని ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. సూర్యాపేటనుంచి అమెరికా వెళ్ళిన కుటుంబాలు తక్కువేమీ కావు. అందులో ఫ్లారిడాలో వున్న బంధువులొకరు, “అక్కడి డైటీషియనుకు పప్పుచారు తెలియదు, గోంగూర తెలియదు, నువ్వే చెప్పు” అని వెంటపడుతున్నారట. డబ్బూ పంపుతామన్నారట.

అమెరికాలో ఈ పథ్యం చెప్పే లైసెన్సు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. కాలిఫోర్నియాలో లైసెన్సు అంటూ లేదు. రిజిస్టర్డ్ డైటీషియన్ అన్న పేరు మాత్రం అర్హత లేనివారు పెట్టుకోరాదు. ఫ్లారిడాలో లైసెన్సు వుండి తీరాలి. ఫోనులో చెప్పినప్పుడు సాధారణంగా లెక్కలోకి వచ్చేది చెప్పేవారు కూర్చున్న చోటు కాదు, వినేవారు కూర్చున్న చోటు. కాలిఫోర్నియాలో నిక్షేపంగా సలహాలు చెప్పుకుంటూ వుండిన ఒకామె ఫ్లారిడాకు కాపురం మారి, అక్కడా అదే పని చేస్తే, 2017లో ఆమెకు జరిమానా వేశారు. “నోటిమాటకు లైసెన్సేమిటి? మాట్లాడడం నా హక్కు” అని ఆమె కోర్టుకెక్కింది. 2022లో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం పక్షమే తీర్పు చెప్పింది. అయితే ఈ మధ్యలోనే, 2020లో, ఫ్లారిడా చట్టాన్ని కొంత సడలించారు. ఏదైనా జబ్బుకు డాక్టరు చికిత్సలో వున్నవారికి పథ్యం చెప్పాలంటే లైసెన్సు కావాలి. జబ్బేమీ లేనివారికి తిండి గురించి మంచి మాట చెప్పడానికి అక్కరలేదు.

ఆ గీత నాకు నచ్చింది. మనవరాలితో “పాలకూర తినవే” అనే అమ్మమ్మను ఏ చట్టమూ పట్టుకోకూడదు. అమ్మమ్మ ఆ మాట మూత్రపిండాల రోగికి రుసుము తీసుకుని వ్రాసిస్తే మాత్రం అది సలహా కాదు, వైద్యం. వైద్యమైతే దానికి జవాబుదారీ వుండాలి.

ఒక రాష్ట్రం లైసెన్సు ఇంకో రాష్ట్రంలో చెల్లకపోవడం వల్ల అక్కడి రోగులకు ఇబ్బంది కూడా వుంది. ఇల్లు మారితే అలవాటైన డైటీషియనును వదులుకోవాలి. పల్లెల్లో వున్నవారికి దగ్గరలో ఎవరూ దొరకరు. అందుకని రాష్ట్రాలు తమలో తాము ఒక ఒడంబడిక చేసుకుంటున్నవి. అందులో చేరిన రాష్ట్రాలలో, ఒకచోట అర్హత వున్నవారు మిగతా చోట్లవారికి కూడా చెప్పడానికి వీలు కలుగుతుంది. 2024 నుంచి ఒక్కొక్క రాష్ట్రమే అందుకు చట్టం చేస్తూ వస్తున్నది. అంతదాకా మా పిల్ల ఏం చేసింది? ఫ్లారిడా బంధువులలో షుగరున్న పెద్దాయనకు, “బాబాయ్, నువ్వు అక్కడి లైసెన్సున్నామెనే చూడు. అరవై అయిదు దాటినోళ్ళకు షుగరుకు, కిడ్నీ జబ్బుకు పథ్యం చెప్పిస్తే మెడికేరు డబ్బు కడుతది. మన పప్పుచారులో ఏముంటదో నేను రాసిస్త, ఆమెకు చూపియ్యి” అని జవాబిచ్చిందట. పప్పుచారును ఇంగ్లీషులోకి దించి పంపిందన్నమాట. దానికి రుసుము తీసుకోలేదు. నాకు ముచ్చట వేసింది.

వదిన కోలుకున్నాక, తిరుగు ప్రయాణంలో కోదాడలో ఆగాను. నాతో చదువుకున్న స్నేహితురాలు అక్కడ పంతులమ్మగా చేసి రిటైరయింది. ఈ కబుర్లు చెబుతూంటే ఆవిడ ముఖంలో భయం కనిపించింది. వాళ్ళాయనకు విజయవాడలో గుండె ఆపరేషను జరిగింది. ఆ ఆసుపత్రి డైటీషియను పదిహేను రోజులకోసారి వీడియోలో మాట్లాడి, నూనె ఎంత, ఉప్పు ఎంత అని చెబుతూ వుంటుంది. “అయితే మాది తెలంగాణ, ఆమెది ఆంధ్ర. రిజిస్టరులు రెండైతే రేపు ఆమె చెప్పడం కుదరదంటారా ఏమే?” అని అడిగింది.

కోదాడ దాటితే జగ్గయ్యపేట. నడుమ కనిపించే గోడ ఏదీ లేదు. 2014 జూన్ 2 వరకూ అది జిల్లా సరిహద్దు, ఆ రోజునుంచి రాష్ట్ర సరిహద్దు. అటువైపు ఆవకాయలోనూ ఇటువైపు ఆవకాయలోనూ ఉప్పు ఒక్కటే. నేను ఆవిడకు ధైర్యం చెప్పాను. మన దగ్గర రిజిస్టరులు రాష్ట్రానికొకటైనా చట్టం దేశమంతటికీ ఒక్కటే. చదువుకు పెట్టిన కొలత ఒక్కటే. పక్క రాష్ట్రంవారితో ఫోనులో మాట్లాడరాదన్న మాట ఆ చట్టంలో లేదు. డాక్టర్ల విషయంలోనైతే 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: రిజిస్టరయిన డాక్టరు దేశంలో ఎక్కడివారికైనా ఫోనులో సలహా చెప్పవచ్చును, అయితే చీటీ మీదా, రసీదు మీదా తన రిజిస్ట్రేషన్ నంబరు వ్రాయాలి. డైటీషియన్లకు కూడా ఇంత స్పష్టమైన నియమావళి వ్రాసి పెడితే, మంచివారికి భయం తీరుతుంది, మిగతావారికి భయం పడుతుంది.

“సరే, ఏమైనా తేడా వస్తే నేను విజయవాడ కోర్టుల చుట్టూ తిరగాల్నా?” అని ఆవిడ రెండో ప్రశ్న వేసింది. అక్కరలేదు. ఇది చాలామందికి తెలియదు గనుక గుర్తుపెట్టుకోండి. పాత వినియోగదారుల చట్టం ప్రకారం, అవతలివారు వున్న చోటనో, వ్యవహారం జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసివచ్చేది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం, మనం కాపురమున్న చోట, లేదా ఉద్యోగం చేసే చోట, మన జిల్లాను చూసే వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. పథ్యం చెప్పినవారు బెంగుళూరులో వున్నా, బొంబాయిలో వున్నా, కోదాడవారు ఇక్కడే అడగవచ్చును. కాని రెండు షరతులు. డబ్బు ఇచ్చి పొందిన సేవ అయివుండాలి. అందుకు రసీదు వుండాలి. ఎవరిమీద ఫిర్యాదో వారి పేరూ చిరునామా వుండాలి. రెండు ఆకులకూ ఒక ఆపిల్ పండుకూ నోటీసు పంపడం ఏ కమిషన్‌కూ చేతకాదు!

దూరంనుంచి చెప్పే పథ్యంలో ఇంకొక చిక్కు కూడా వున్నది. మా పాత నల్లగొండ జిల్లాలో చాలా ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు త్రాగి ఎముకలు వంగిపోయినవారిని మా తరంవారంతా చూశారు. 1958లో కూనూరునుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు ఈ జిల్లా ఊళ్ళలో తిరిగి, నీటికీ తిండికీ ఎముకలకూ వున్న సంబంధాన్ని పరిశోధించారు. ఇప్పుడు కృష్ణ నీళ్ళు కొళాయిల్లో వస్తున్నవి గనుక పరిస్థితి మారింది గాని, పెద్దవారి ఎముకల్లో పేరుకున్నది అంత తేలికగా పోదు. అటువంటివారు నల్లఉప్పూ, పాలు లేని తేయాకు డికాషనూ తగ్గించాలని చెబుతారు. వాటిలో ఫ్లోరైడు ఎక్కువ. బరువు తగ్గించే పట్టికల్లో చాలావాటిలో మొదట కనిపించేవి ఆ రెండే! మన ఊరి నీళ్ళ సంగతి తెలియనివారు చెప్పే పథ్యం, కొలతలు తీయకుండా కుట్టిన రవిక వంటిది. దూరాన వున్నంత మాత్రాన చెప్పకూడదని కాదు. దూరాన వున్నవారు మరి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగాలి.

కొందరు అంటారు: “లైసెన్సు వున్న డాక్టర్లు మాత్రం తప్పులు చేయడం లేదా?” అని. చేస్తున్నారు. కాగితం తెలివిని ఇవ్వదు. కాని తప్పు జరిగిన రోజున ఆ కాగితం మీది నంబరు పట్టుకుని, “ఇదేమిటి?” అని అడిగే చోటు ఒకటి వుంటుంది. మరికొందరు అంటారు: “ఇన్ని నిబంధనలు పెడితే, పాపం, పల్లెటూరివారికి ఆ ఫోను సలహా కూడా దక్కదు” అని. అదీ నిజమే. కోదాడ పంతులమ్మకు ఆ వీడియో లేకపోతే, గుండె ఆపరేషనయిన మనిషిని పదిహేను రోజులకోసారి బస్సులో విజయవాడ తిప్పాలి. కనుక ఫోనును తిట్టి లాభం లేదు. మా వదినను మంచాన పడవేసింది ఫోను కాదు, రాష్ట్రాల సరిహద్దూ కాదు. అవతల మాట్లాడేవారికి పేరూ ఊరూ లేకపోవడం, ఇవతలివారు అడగకపోవడం.

రిజిస్టరులు అన్నిచోట్లా సవ్యంగా తయారయ్యేవరకూ ఆ పని మనమే చేసుకోవాలి. రుసుము కట్టేముందు నాలుగు మాటలు అడగండి. మీ పూర్తి పేరేమిటి? ఏం చదివారు, ఎక్కడ చదివారు? ఏ రిజిస్టరులో మీ పేరుంది, నంబరేమిటి? మీరు ఏ ఊరినుంచి మాట్లాడుతున్నారు? చదువుకున్నవారు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు, సంతోషిస్తారు. కోపం వచ్చినవారికి నమస్కారం పెట్టి ఫోను పెట్టేయండి. ఆ తరువాత మన వంతు కూడా వున్నది. వేసుకునే మాత్రలన్నీ చెప్పాలి, పాత చీటీలన్నీ చూపాలి, బిడ్డ బెంగపెట్టుకుంటాడని జబ్బు దాచకూడదు. వారు వ్రాసిచ్చిన పట్టికను మన డాక్టరుకు ఒకసారి చూపించందే పొయ్యి మీదికి ఎక్కించకూడదు.

నిన్న మిర్యాలగూడనుంచి వదిన ఫోను చేసింది. సూర్యాపేట ఆసుపత్రిలోని డైటీషియను కొత్త పట్టిక వ్రాసి, క్రింద సంతకం చేసి, తన పేరూ ఫోను నంబరూ వేసి ఇచ్చిందట. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకోమన్నదట. కొబ్బరి నీళ్ళు వద్దన్నదట. పూటకు ఒక కప్పు అన్నం తినవచ్చునన్నదట.

“కప్పుతోని కొలుచుకుని తింటున్న” అన్నది వదిన. “ఇన్ని బస్తాల నడుమ కూసుని కప్పుతోని కొలుచుకునుడేందని మీ అన్న నవ్వుతుండు. నవ్వనీ. బెంగుళూరు పిల్లగాడు మళ్ళ ఫోన్ చేసిండు, అమ్మా, ఇంకో కంపెనీ వుందట అని. నేనేమన్ననో ఎరికేనా? ఆ చెప్పేటోళ్ళ పత్తా చెప్పు బిడ్డా, అప్పుడు చూద్దమన్న!”